బూట్ క్యాంపులో చేరుతున్నారా?

“పొద్దున లేచింది మొదలు ఇంటిచాకిరీతోనే ఒళ్ళు హూనమవుతుంటే మళ్ళీ వ్యాయామం కూడానా?” అంటారా? ఇల్లు తుడవడం, బట్టలుతకడం కూడా శ్రమే, కాదనం. కానీ అన్ని కండరాలకూ అందులో పని దొరకదు. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, దాంతోపాటు రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే కసరత్తు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఈ రెండూ ఒకేచోట దొరికేది బూట్ క్యాంపులో!

పేరు చూసి హడలిపోకండి. అమెరికాలో సైన్యంలో కొత్తగా చేరినవాళ్ళకిచ్చే శిక్షణకు ఆ పేరు. దాన్నే తేలికపరచి పార్కుల్లో, మైదానాల్లో పదిమందిని చేర్చి చేయిస్తారు. పెద్ద పెద్ద మెషీన్లేం ఉండవు. చాలావరకు మీ ఒంటి బరువుతోనే కసరత్తు.

మొదటి రోజు ఏం చేయిస్తారు?

క్లాసు సాధారణంగా ముప్పావుగంట నుంచి గంట. మొదట అయిదు పది నిమిషాలు వార్మప్. తర్వాత బస్కీలు, దండీలు, ఒక కాలు ముందుకేసి వంగి లేవడం, మోచేతుల మీద ఒంటిని బల్లపరుపుగా నిలపడం... ఒక్కొక్కటీ అరనిమిషమో కాస్త ఎక్కువో చేయించి, కొంచెం ఆగి మరొకటి మొదలుపెడతారు. చివర్లో ఒళ్ళు సాగదీయడం.

అన్నీ మొదటిరోజే రావాలని లేదు. దండీలు నేలమీద కాకుండా సిమెంటు బెంచీకి చేతులానించి చేయొచ్చు. మోకాళ్ళ నొప్పులుంటే బస్కీలకు బదులు బెంచీ మీద కూర్చుని లేవండి. చేస్తూ నాలుగు మాటలు కూడా ఆడలేకపోతున్నారంటే వేగం తగ్గించాలని గుర్తు. మర్నాడు, మూడోనాడు మెట్లు దిగుతుంటే తొడలు పట్టేస్తాయి. అది మామూలే, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. కీలులో పోటు, వాపు ఉంటే మాత్రం ఆపేయాలి.

చెప్పుకోలేని ఇబ్బంది

గెంతినప్పుడు రెండు చుక్కలు మూత్రం పడుతోందని చాలామంది క్లాసే మానేస్తారు. కాన్పుల తర్వాత, ముట్లుడిగే వయసులో ఇది తరచు కనిపించేదే. సిగ్గుపడకండి. గెంతే బదులు ఉన్నచోటే అడుగులు వేస్తానని ట్రైనర్‌కి చెప్పండి. కారణం చెప్పనక్కర్లేదు. ఇంట్లో, మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను అయిదు సెకన్లు బిగించి వదలండి. ఇలా పదిసార్లు, రోజుకు మూడుపూటలా చేస్తే కొన్ని నెలల్లో చాలామందికి గుణం కనిపిస్తుంది. తగ్గకపోతే లేడీ డాక్టర్ని కలవండి.

చేరేముందు...

మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. కనుక ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. బి.పి., గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు, ఈమధ్యే కాన్పో ఆపరేషనో అయినవాళ్ళు డాక్టర్ని అడగందే చేరకూడదు. షుగర్‌కు ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్ళు ఉత్త కాఫీ తాగి వెళ్ళిపోకండి. ఏం తినాలో డాక్టర్ని అడిగి, సంచీలో కాస్త గ్లూకోజు ఉంచుకోండి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆపి సాయం అడగండి.

ట్రైనర్ మీ ఆరోగ్యం గురించి అడగకుండా డబ్బు మాత్రమే అడిగితే మరోచోటు చూసుకోండి. మూణ్ణెల్ల ఫీజు ఒకేసారి కట్టకండి. ఒకరోజు వెళ్ళి చూడండి. నేల ఎగుడుదిగుడుగా ఉందా, దగ్గర్లో బాత్‌రూమ్ ఉందా గమనించండి.

ఏం వేసుకోవాలి?

వదులైన చుడీదార్ చాలు. చున్నీ ఇంట్లోనే వదిలేయండి. బిగుతైన బ్రా, మడమకు ఊతమిచ్చే బూట్లు తప్పనిసరి. గాజులు తగ్గించుకుని, గొలుసు లోపలికి వేసుకోండి. మంచినీళ్ళు, తువ్వాలు, పాత చాప మరిచిపోవద్దు. వేసవిలో ఎండెక్కకముందే ముగించే బ్యాచ్ ఎంచుకోండి.

ఇక పిల్లల క్యారేజీల సంగతంటారా? కూరలు రాత్రే తరిగిపెట్టుకోండి. వారానికి మూడు పొద్దుటిపూటలు కుక్కర్ దించే పని శ్రీవారికి అప్పజెప్పండి. మీ ఒళ్ళు బాగుంటేనే కదండీ ఇల్లు బాగుండేది!