బ్రేకు గొట్టాలు: వయోదోషమా, ఉపేక్షాదోషమా?

మోటారు వాహనాలను తనిఖీ చేసే అధికారికి మన పక్క జనం పెట్టుకున్న పేరు ‘బ్రేకు ఇనస్పెక్టరు’. చట్టంలో ఆ పేరు లేదు. దీపాలు, హారను, టైర్లు, పొగ, ఇలా ఆయన చూడవలసినవి ఇన్ని ఉండగా జనం బ్రేకునొక్కదానినే ఏరి ఆ పదవికి తలమానికం చేశారు. తెలుగు పాఠం చెప్పి బ్రతికినవాడిని గనుక నాకీ మిశ్రసమాసం మీద గౌరవం మెండు. జనవాక్యంలో ఉన్నపాటి వివేకం చట్టంలో లేకపోవడమే నా ఫిర్యాదు.

బాడుగ కారయితే ఎనిమిదేళ్ళ వరకు రెండేళ్ళకొకసారి, ఆపైన ఏటేటా ఫిట్‌నెస్ పరీక్షకు నిలబడాలి. సొంత కారుకు 1988 నాటి మోటారు వాహనాల చట్టం 15 ఏళ్ళ రిజిస్ట్రేషను ఇచ్చి ఊరకుంటుంది. అది తీరిన పిమ్మట ఒక పరీక్ష, మళ్ళీ 5 ఏళ్ళ అభయం. ఏలూరు నుండి కైకలూరు పోయే దారిలో ఈ రెండు కార్లూ ఒకే గుంటలో దిగుతాయి, ఒకే బురద పూసుకుంటాయి. పసుపు పలక కారుకు పట్టే తుప్పు తెల్లపలక కారుకు పట్టదా?

గొట్టాలు తుప్పు పట్టడం చలిదేశాల గోల అని కొందరు వాదిస్తారు. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారట, మనకా బాధ లేదట! వాదన ముచ్చటగానే ఉన్నది గాని కొల్లేరు వినదు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిసే ఆ సరస్సుకు సముద్రం దారి ఉప్పుటేరు. పోటు సమయంలో ఉప్పునీరు ఆ దారినే ఎదురెక్కుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేటి నీరు చేరవలసినదీ కొల్లేటికే. ఇక్కడ గాలిలో తేమ, రోడ్డు మీద నీరు, చుట్టూ చెరువులు. గొట్టాన్ని అడుగుభాగానికి పట్టి ఉంచే క్లిప్పుల సందున చేరిన రేగడి బురద నెలల తరబడి తడిని విడువదు. పైన రంగు నిగనిగలాడుతుంటుంది. తుప్పు తన పని కింద తాను చేసుకుపోతుంది.

ఆ గొట్టం మనం వ్రాసే పెన్సిలు కంటె సన్నం. దాని ఉక్కు గోడ మందం మిల్లీమీటరు కూడా ఉండదు. టైరులో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 30 పౌన్లు. పెడలును గట్టిగా తొక్కినపుడు గొట్టంలోని ఆయిల్ ఒత్తిడి 1000 పౌన్లు దాటగలదు. ‘నిన్నటి దాకా బాగానే ఆగింది’ అన్న మాట ఇక్కడే చెల్లదు. మెల్లగా తొక్కే రోజులన్నీ ఆ శిథిలమైన గోడ ఓర్చుకుంటుంది. గేదె అడ్డం వచ్చిన నాడు, బడిపిల్లవాడు సైకిలుతో సందులోంచి దూసుకువచ్చిన నాడు, ప్రాణభయంతో తొక్కిన ఆ ఒక్క తొక్కుకే చిట్లుతుంది. తొలితరం అంబాసిడర్లలో నాలుగు చక్రాలకూ ఒకటే మార్గం, పోతే అన్నీ పోయేవి. తరువాతి కార్లలో మార్గాలు రెండయ్యాయి. ఒకటి పోయినా రెండవది ఆపుతుంది గాని, అంత దూరంలో ఆపదు.

‘కొంచెం కారుతోంది మాస్టారూ, వారానికోసారి ఆయిల్ పోసుకోండి చాలు’ అన్న షెడ్డు వైద్యం నేనూ విన్నాను. బ్రేకు ఆయిల్ పెట్రోలు వలె ఖర్చయ్యే పదార్థం కాదు. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం కాస్త దిగుతుంది, అంతే. వారం వారం దిగుతున్నదంటే ఎక్కడో కారుతున్నట్టే. పోస్తూ కూర్చోవడం చిల్లు కుండకు నీళ్ళు మోయడమే!

మరి ప్రభుత్వం ఏం చేసింది? పాత కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుండి 600 రూపాయల నుంచి 5,000కు పెంచింది. 20 ఏళ్ళు దాటిన కార్లకు 2025లో దానిని 10,000 చేసింది. రుసుము పెంచితే గొట్టం గట్టిపడుతుందా? ఇంగ్లండులో 1960లో పదేళ్ళు దాటిన వాహనాలకు మొదలుపెట్టిన ఎం.ఓ.టి. పరీక్షను 1967 నాటికి మూడేళ్ళు నిండిన వాటికే వర్తింపజేశారు. అది ఏటేటా జరుగుతుంది, అందులో బ్రేకు గొట్టాల తుప్పునూ చూస్తారు. ఆ దేశం కారు వయసును లెక్కించి ఊరుకోలేదు, కారు కిందికి వంగి చూసింది. మనకు కావలసినదీ అదే. పదేళ్ళు దాటిన ప్రతి సొంత కారును ఏటా ఒకసారి ఎత్తి, అడుగున చూసే పరీక్ష కావాలి. ముసలి కారును తుక్కు చేయండనే పెద్దలు, ముందు పడుచు కారు అడుగున ఏమున్నదో చూపించమనండి.

చట్టం కదిలే దాకా మన పని మనం చేసుకోవాలి. వర్షాలకు ముందొకసారి, తరువాత ఒకసారి కారును ఎత్తించి, బురద కడిగించి, వెనుక ఇరుసు దాకా గొట్టమంతా దీపం వేసి చూడండి. పొక్కులు లేచి పొరలు రాలుతుంటే గొట్టాన్ని మొత్తంగా మార్పించండి. ముక్క కోసి రబ్బరు తొడిగించకండి, అతుకు వేయించకండి. ఉత్త రాగి గొట్టం వంచడానికి సుళువే గాని అదురుకు గట్టిపడి పగులుతుంది. రాగి-నికెల్ మిశ్రలోహపు గొట్టం దొరికితే అది తుప్పుకు లొంగదు. ఆయిల్ తేమను పీల్చుకుంటుంది గనుక రెండేళ్ళకోసారి మార్పించి, లోపలి గాలి పూర్తిగా తీయించండి.

బ్లాగ్మిత్రులారా! నాతో విభేదించేవారు నిరభ్యంతరంగా ఖండించవచ్చును. అంతకు ముందు ఒక్కసారి మీ కారు కిందికి వంగి చూసి రండి.