బ్యాక్టీరియా కంటే ముందు మన చేతులు

జాతీయ రహదారి 16 మీద ఆంధ్రా దాటి ఒడిశాలో అడుగుపెట్టగానే తగిలే ఊరు గిరిసోల. అటు ఇచ్ఛాపురం, ఇటు బరంపురం. లారీలు ఆగే ఇలాంటి చోట్ల నీళ్ల సీసాలు, గుట్కా ప్యాకెట్లు, క్యారీ బ్యాగులు రోడ్డు వారన పోగుపడతాయి. వానొస్తే కాలువ పట్టి సముద్రం దారి పడతాయి. గిరిసోల ఉన్న గంజాం జిల్లా తీరంలోనే, రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట, ఆలివ్ రిడ్లే తాబేళ్లు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి.

ప్లాస్టిక్‌ను తినే బ్యాక్టీరియా దొరికింది కాబట్టి ఇక బెంగ లేదనుకోవచ్చా?

2016లో జపాన్ శాస్త్రవేత్తలు సకాయ్ నగరంలో, సీసాల రీసైక్లింగ్ కేంద్రం వద్ద ఇడియోనెల్లా సకాయెన్సిస్‌ను గుర్తించారు. అది రెండు ఎంజైములతో, నీళ్ల సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్‌ను ముడి పదార్థాలుగా విడగొడుతుంది. అయితే 30 డిగ్రీల వేడిలో ఒక పల్చటి పొరను అరిగించుకోవడానికే ఆరు వారాలు పట్టింది. 2020లో ఫ్రాన్స్‌కు చెందిన కార్బియోస్ పరిశోధకులు వేరొక ఎంజైముకు పదును పెట్టి, 10 గంటల్లో 90 శాతం పెట్‌ను విడగొట్టారు. అందుకు ప్లాస్టిక్‌ను ముందే పొడి చేసి, 72 డిగ్రీల వేడిలో ఉంచాల్సి వచ్చింది. ఇది ఫ్యాక్టరీలో జరిగే పని, మురుగు కాలువలో జరిగేది కాదు.

ఒక నీళ్ల సీసాను చేతిలోకి తీసుకుని చూడండి. సీసా పెట్, మూత పాలిథీన్, లేబుల్ చాలావరకు ఇంకో రకం. ఈ ఎంజైములకు చిక్కేది సీసా ఒక్కటే. క్యారీ బ్యాగు కూడా పాలిథీనే. అందులోని కర్బన గొలుసును తెంపే శక్తి వీటికి లేదు.

మేలు లేదని కాదు. విడగొట్టిన ముడి పదార్థంతో మళ్లీ కొత్త సీసా చేయొచ్చు, ఆ మేరకు పెట్రోలియం మిగులుతుంది. అదే బ్యాక్టీరియాను ఆరుబయట వదిలితే సగం అరిగిన తునకలు మైక్రోప్లాస్టిక్‌గా మిగలొచ్చు, పూర్తిగా తిన్న కర్బనంలో కొంత బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తుంది.

ఒకసారి వాడి పారేసే కొన్ని రకాల ప్లాస్టిక్ వస్తువులపై 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది. సరిహద్దుకు రెండు వైపులా చట్టం ఒక్కటే. దాన్ని అమలు చేయాలి. టీ కొట్ల ముందు సీసాలకు వేరే బుట్ట పెట్టాలి. చెత్త ఏరి, మూతలు తీసి, రకాలుగా వేరు చేసేవారికి గిట్టుబాటు ధర దక్కాలి. వాళ్లు వేరు చేసి పెట్టిన సీసా మీదే రేపటి ఎంజైము పని చేయగలదు. కాలువలో పడిపోయిన సీసా దానికి అందదు, తాబేలుకే ఎదురవుతుంది.