మొక్కు పుంజు, ముదురు పెట్ట

నాలుగైదు నెలలు నిండిన పుంజు కూత నేర్చిన రోజుల్లోనే ముదురు పెట్టల మీద పడటం మొదలుపెడుతుంది. సికింద్రాబాదు మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల పెరళ్లలోనైనా, గల్లీ ఇళ్ల వెనక రేకుల గూళ్లలోనైనా నాటుకోళ్లు పెంచేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. కారణం దగ్గరే మాట తేడా వస్తుంది. దిష్టి తగిలిందని కొందరు, అమ్మవారికి మొక్కిన పుంజు కాబట్టి దాని మీద అమ్మ ఉందని కొందరు అంటారు. కాలికి నల్లదారం కడతారు, గూటికి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడదీస్తారు. మొక్కు పుంజును కట్టెయ్యకూడదని దాని మానాన వదిలేస్తారు. ఈలోగా పెట్టల వీపులు బోడి అవుతాయి.

ఈ నమ్మకానికి బలమిచ్చేది క్యాలెండరు. ఆషాఢ బోనాలకని మాఘ, ఫాల్గుణాల్లో పుట్టిన పిల్లను ఎంచుకుంటే, పండగ దగ్గరపడేసరికి దానికి సరిగ్గా ఆ వయసు వస్తుంది. వృషణాలు పెరిగి మగ హార్మోను ఒంట్లో పొంగే వయసు అది. జుట్టు ఎర్రబడటం, కూత, కయ్యం, తొక్కడం అన్నీ ఆ హార్మోను పనులే. జ్యేష్ఠంలో పుట్టిన పుంజు కార్తీకంలో ఇదే ఆగడం చేస్తుంది. అప్పుడు బోనాలూ ఉండవు, మొక్కూ ఉండదు. నమ్మకం తేలిపోవడానికి ఈ ఒక్క పోలిక చాలు.

ముదురు పెట్టలకే ఎక్కువ దెబ్బ ఎందుకంటే, కోళ్లలో పెద్దాచిన్నా వరస ఉంటుంది. నార్వే శాస్త్రజ్ఞుడు షెల్డెరప్ ఎబ్బే 1920ల మొదట్లోనే దీన్ని వివరించాడు: ఎవరు ఎవరిని పొడవచ్చో గుంపులో ముందే తేలి ఉంటుంది. నిన్నటిదాకా తను పొడిచి తరిమిన పిల్లకు పెట్ట ఒక్కరోజులో లొంగదు. వంగి కూర్చోదు, పరిగెత్తుతుంది. పుంజు వెంటపడి మెడ వెనక ఈకలు ముక్కుతో పట్టి వీపెక్కుతుంది. నేర్పు లేని వయసు కాబట్టి కాళ్లు జారతాయి, గోళ్లు పక్కల్లో దిగుతాయి. పైనుంచి చూస్తే ఈకలు చెదిరినట్టే ఉంటుంది. రెక్క ఎత్తితే కింద చర్మం చీరుకుపోయి, నెత్తురు గడ్డకట్టి కనిపిస్తుంది. ఎర్రటి చోటును తోటి కోళ్లు కూడా పొడుస్తాయి. వానాకాలంలో ఈగలు వాలి పురుగు పడుతుంది. పెట్ట గూడు దిగకపోతే దానికీ దిష్టే అంటారు. నొప్పి పడుతున్న ప్రాణి పట్ల ఇది అన్యాయం.

పుంజు రంగును బట్టి గుణం చెప్పే కుక్కుట శాస్త్రమూ ఇలాంటిదే. డేగ, కాకి, నెమలి అని ఈకల రంగును బట్టి పేర్లు పెట్టి, ఏ వారం ఏది గెలుస్తుందో రాసిపెట్టింది. రంగుల పేర్లుగా అవి చక్కనివే. కానీ ఒకే పొదుగులో దిగిన పిల్లలకే వేరువేరు రంగులుంటాయి, వారం ఏదో కోడికి తెలియదు. అసీలు జాతికి కయ్యం ఎక్కువన్నది నిజం. తరతరాలుగా పోట్లాడే పుంజులనే ఏరి జతకట్టించడం వల్ల వచ్చిన గుణం అది.

పెట్ట కూస్తే ఇంటికి అరిష్టమని దాని మెడ విరిచే ఆచారం ఇంకా క్రూరమైనది. పెట్టకు ఎడమ అండాశయమే పనిచేస్తుంది. అది చెడితే కుడివైపున అణగి ఉన్న అవయవం వృషణంలా పెరిగి, పెట్ట కూయవచ్చు, కాళ్లకు ముళ్లు రావచ్చు. 1474లో ఇప్పటి స్విట్జర్లాండులోని బాజెల్ నగరంలో గుడ్డు పెట్టిందన్న నేరానికి ఒక పుంజును విచారించి, తగలబెట్టారు. అక్కడైనా ఇక్కడైనా భయం ఒకటే, బలి అయ్యేదీ నోరులేని జీవమే.

పుంజు ఆగడం ఆపడానికి కావలసింది జాలీ. పుంజును వేరే అరలో పెట్టి, పెట్టలు కనపడేలా మధ్య జాలీ కట్టాలి. కొన్ని నెలలకు దాని దూకుడు తగ్గుతుంది. అప్పుడు కూడా ఒక పుంజుకు ఎనిమిది పది పెట్టలుండాలి. రెండు మూడే ఉంటే భారమంతా వాటి మీదే పడుతుంది. దాణా రెండు చోట్ల వెయ్యాలి, పెట్ట ఎగిరి తప్పించుకోవడానికి ఎత్తులో కర్ర ఉండాలి. పుంజు గోళ్ల వాడి మొనలు మాత్రమే తీయాలి, లోపల నెత్తురు నరం ఉంటుంది. గాయపడ్డ పెట్టను ఉప్పునీటితో కడిగి, చర్మం మానేదాకా విడిగా ఉంచాలి. పుంజును కర్రతో కొడితే మనిషి మీదికే దూకడం నేర్చుకుంటుంది.

పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదన్న మాటా తప్పే. పిల్లలు కావాలంటేనే పుంజు కావాలి, తినే గుడ్డుకు దాని అవసరం లేదు.

కారణం లోపల చూస్తేనే దొరుకుతుంది. సికింద్రాబాదులోనే 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి చూసి మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. ఒకప్పుడు ఆ జ్వరానికి చెడుగాలి కారణమనేవారు. కోళ్లు పెంచేవారికి అంత సాధనమూ అక్కర్లేదు. నల్లదారం కట్టే ముందు ఒక్కసారి ముదురు పెట్టను చేతుల్లోకి తీసుకుని, రెక్క ఎత్తి చూడండి.