కాలికి బదులు కారు

మన ఊళ్ళలో "వాళ్ళకు కారుంది" అన్న మాటకు అర్థం వాళ్ళు కలిగినవాళ్ళని. ఆ కారు ఎన్నేళ్ళదో, ఎవరి కోసం కొన్నారో, ఇంకా ఎన్ని వాయిదాలు బాకీ ఉన్నాయో ఎవరూ అడగరు. అరుగుల మీద ఈ కొలత చెల్లితే చెల్లవచ్చు గాని, ప్రభుత్వం కూడా ఇదే కొలతతో వికలాంగుల పింఛన్లను తూచడం నాకు ఎంతమాత్రమూ సమ్మతం కాదు.

2019 చివర ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పింఛన్ల అర్హతకు కొత్త నిబంధనలు వచ్చాయి. కుటుంబ ఆదాయం పల్లెల్లో నెలకు 10 వేలు, పట్టణాల్లో 12 వేలు మించరాదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటరాదు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్ల లోపు ఉండాలి. ఇంట్లో ఎవరి పేరనా నాలుగు చక్రాల వాహనం ఉండరాదు. టాక్సీకి, ఆటోకు, ట్రాక్టరుకు మినహాయింపు. (ఆటోకు ఉన్నవే మూడు చక్రాలు, దానికి మినహాయింపు దేనికో నాకు బోధపడలేదు. పోనీ, పోలియో వచ్చినవారు పక్కచక్రాలు బిగించుకునే స్కూటరుకు నాలుగు చక్రాలున్నాయి గదా, దాని సంగతేమిటో!)

ట్రాక్టరును ఎందుకు వదిలారు? అది బతుకుతెరువు గనుక. మంచిదే. కాళ్ళు చచ్చుబడిన మనిషికి చేతితో నడిపే కారు బతుకుతెరువు కాదా? బస్సు మెట్టు నేలకు అంత ఎత్తున ఉన్నప్పుడు, ఆటోవాడు చక్రాల కుర్చీని చూసి ఆగకుండా పోతున్నప్పుడు, ఆ మనిషి పనికి పోవడమెట్లా?

మా పెదనాన్నగారి అబ్బాయికి పసితనంలోనే పోలియో సోకి రెండు కాళ్ళూ పోయాయి. పక్క పట్టణంలో ఒక దుకాణంలో లెక్కలు రాస్తాడు. వాన కురిస్తే మూడు చక్రాల బండి మీద పోలేక పని నాగా పడుతూండేది. అందుకని ఎవరో వాడి వదిలేసిన చిన్న కారు కొని, బ్రేకుకూ ఆక్సిలరేటరుకూ చేతి మీటలు బిగించుకున్నాడు. పింఛను ఆగిపోయింది. వెళ్ళి అడిగితే "మీకు కారుందండీ, కంప్యూటరు ఒప్పుకోదు" అన్నారట. "ఒరే తమ్ముడూ, కారు అమ్మితే పింఛనొస్తుంది, పని పోతుంది. కారుంచుకుంటే పనుంటుంది, పింఛను పోతుంది. ఏది కుంటిదో నువ్వే చెప్పు" అన్నాడు నవ్వుతూ. నేను నవ్వలేకపోయాను.

ఇందులో మరీ విచిత్రమైన సంగతి ఒకటి ఉంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు చిన్నకార్ల మీద పన్ను 28 శాతమైతే, వికలాంగులు కొనే కారుకు 18 శాతమే వేశారు. భారీ పరిశ్రమల శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవలసి ఉండేది, అయిదేళ్ళదాకా ఆ కారు అమ్మనని ప్రమాణపత్రం ఇవ్వవలసి ఉండేది. (2025 సెప్టెంబరు 22 నుంచి చిన్నకార్లన్నిటికీ అదే 18 శాతం కనుక ఆ రాయితీకి ఇక అర్థం లేదు.) అంటే ఢిల్లీ వారు "నీకు కారు అవసరం, కొనుక్కో, అయిదేళ్ళు అమ్మకు" అన్నారు. అది విని కొనుక్కున్నవాడిని రాష్ట్రం వారు "నీకు కారుంది, నీవు పేదవాడవు కావు" అన్నారు. రెండు మాటలూ విన్న ఆ మనిషి ఎవరి మాట నమ్మాలి?

ఇతర దేశాల తీరు చూద్దాం. అమెరికాలో పేద వికలాంగులకిచ్చే ఎస్‌ఎస్‌ఐ భృతికి ఆస్తి పరిమితి చాలా కఠినం. ఒంటరి మనిషికి 2 వేల డాలర్లు మించరాదు. 1989 నుంచి ఆ అంకె మారనే లేదు. అంతటి పిసినారి చట్టం కూడా, ఇంట్లోవారి రాకపోకలకు వాడే ఒక కారును ఆస్తిగా లెక్కించదు. 2005 నుంచి దాని ఖరీదు ఎంతని కూడా అడగడం లేదు. (కారు మరమ్మతుకు 2 వేలకు మించి దాచుకుంటే మాత్రం భృతికి ముప్పు. కొంత ఊరట కోసం 2014లో ప్రత్యేక పొదుపు ఖాతాల చట్టం చేశారు.) బ్రిటన్‌లో 1977లో మోటబిలిటీ అనే పథకం పుట్టింది. అక్కడ ప్రయాణ భృతినే అద్దెగా కట్టి కారు తీసుకోవచ్చు. ఖరీదైన కార్లు ఎందుకన్న రగడ అక్కడా ఉంది. 2025 నవంబరులో అటువంటి కొన్ని కార్లను పథకంనుంచి తొలగించారు. అయినా కారు ఉండడమే తప్పని ఎవరూ అనలేదు.

దొంగ ధ్రువపత్రాలతో పింఛను తినేవారు లేరా అని మీరడగవచ్చు. ఉన్నారు. 2025లో ఆంధ్రలో వైకల్య ధ్రువపత్రాలను మళ్ళీ పరిశీలించింది అందుకే. 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 3 వేల నుంచి 6 వేలకు పెరిగాక జాగ్రత్త పడవలసిందే, కాదనను. కాని దొంగను వైద్యుడు పట్టుకోవాలి. చక్రాలు లెక్కపెట్టి దొంగను పట్టుకోవడం కుదరదు: కాళ్ళు సరిగ్గా ఉన్న దొంగ తన కారును బావమరిది పేర రాయించుకోగలడు. కాళ్ళు లేనివాడికి, తన కారు తన పేర ఉంటేనే రాయితీ.

2020 అక్టోబరులో కేంద్ర రవాణా శాఖ వాహనాల రిజిస్ట్రేషన్ దరఖాస్తులో యజమాని దివ్యాంగుడా అన్న గడి చేర్చింది. ఆ గడిలో టిక్కు ఉన్న ఒక్క బండిని ట్రాక్టరు సరసన మినహాయింపుల వరుసలో చేరిస్తే చాలు. కొత్త సర్వే అక్కరలేదు, కొత్త ఖర్చూ లేదు. అంతకుముందు కొన్న బండ్లకు వైకల్య ధ్రువపత్రం చూసి ఆ టిక్కు పెట్టవచ్చు. ఇక అదే బియ్యం కార్డులో పేరున్న అన్నకు సొంత కారుంటే తమ్ముడి పింఛను ఆపడం మరొక అన్యాయం. దానికి ఈ గడి చాలదు, కుటుంబం అన్న మాటకు అర్థమే మార్చాలి. అన్న తన కారులో తమ్ముడిని రోజూ పనికి దింపివస్తాడని ఏ కంప్యూటరుకు తెలుసు?