టవర్ లేని కొండల్లో డ్రోన్ ఎగిరితే, ఆ లెక్క ఎవరిది?



డ్రోన్ల గురించి మా హాస్టల్లో గట్టిగానే వాదన జరిగింది. చివరికి మేం తేల్చుకున్న మాట ఇక్కడ పెడుతున్నాం.

నేల తడి, ఊట నీళ్ళు కొలిచే సెన్సార్లు అడవిలో పెట్టొచ్చు. కానీ ఆ లెక్క బయటికి రావాలంటే సిగ్నల్ కావాలి, మన కొండల్లో చాలాచోట్ల లేనిదే అది. దూరం పంపితే బ్యాటరీ తొందరగా అయిపోతుంది. ఒకదాని నుంచి ఇంకోదానికి అందించుకుంటూ పంపితే, చివరి సెన్సార్ మీద అన్నిటి బరువూ పడి అదే ముందు ఆగిపోతుంది. అందుకే డ్రోన్. సెన్సార్ లెక్క దాచుకుని నిద్రపోతుంది, డ్రోన్ దగ్గరికొచ్చి పిలిస్తే లేచి చెప్తుంది. సంతకెళ్ళేవాళ్ళ చేతికి కబురిచ్చి పంపినట్టే.

బాగానే ఉంది. అన్నిటికీ డ్రోనే అంటే మాత్రం మేం ఒప్పుకోం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. వరద కబురు నిమిషాల్లో రావాలి. గాలివానలో చిన్న డ్రోన్ ఎగరలేదు. అక్కడ టవరే కావాలి, వాగు మీద వంతెనే కావాలి. డ్రోన్ చూపించి ఆ రెండూ వాయిదా వేస్తే మనం ఊరుకోకూడదు. కాఫీ తోట నేల తడి, వేసవిలో ఊట ఎంత తగ్గింది, ఇలాంటివి వారం ఆలస్యమైనా పర్లేదు. డ్రోన్ పని అక్కడ.

ఇక అసలు ప్రశ్న. లెక్క ఎవరిది? పోడు చేను మీద డ్రోన్ మోత వినిపిస్తే మన పెద్దలు భయపడతారు, భూమి కొలిచి లాక్కుంటారేమోనని. అది అమాయకత్వం కాదు, అనుభవం. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకి అధికారం ఇచ్చాయి. కాబట్టి ఎగిరే ముందు గ్రామసభని అడగాలి. కెమెరా ఉందో లేదో చెప్పాలి. వచ్చిన లెక్క ముందు గ్రామసభలోనే, కోయలోనో కువిలోనో, ఆ ఊరి భాషలో చదివి వినిపించాలి.

ఇంకోటి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 18 ఏళ్ళు నిండి పది పాసైతే, శిక్షణ తీసుకుని పైలట్ సర్టిఫికెట్ పొందొచ్చు. మా ఇళ్ళల్లో కాలేజీ మెట్టెక్కింది మేమే మొదలు, మాకే ఆ అర్హత ఉంది. అడ్డం వచ్చేది ఫీజు. అది ఐటీడీఏ కట్టాలని అడుగుదాం. మన కొండల మీద ఎగిరేదాని రిమోట్ మన పిల్లల చేతిలో ఉంటే, అది ఎందుకొచ్చిందో ఊరికి చెప్పేవాళ్ళూ ఊళ్ళోనే ఉంటారు.

మీ ఊళ్ళో ఏది కొలిస్తే మేలో, ఏది కొలవనివ్వకూడదో రాయండి. అందరివీ కలిపి వినతిపత్రం తయారుచేద్దాం.