ఆకలి పంపే కబురు

బాలలూ! మధ్యాహ్నం బడిగంట కొట్టకముందే మీ కడుపులో ఎలుకలు పరుగెత్తుతవి గదా! భోజనం వేళ అయినదని ఎవరు చెప్పినారు? మీ కడుపే మెదడుకు కబురు పంపినది.

శరీరంలో ఇటువంటి కబుర్లన్నీ నరాల వెంటనే పోతాయని పూర్వం చాలామంది నమ్మేవారు. 1902లో లండనులో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక కుక్కకు మత్తు ఇచ్చి, పేగుకు పోయే నరాలు తెంచి, ఆ పేగులో కొంచెం ఆమ్లం పోసి చూశారు. నరం లేకపోయినా క్లోమగ్రంథి తన రసాన్ని వదిలింది! తంతి తెగితే ఉత్తరం పడవెక్కి వెళ్ళినట్లు, కబురు నెత్తురులో కలిసి వెళ్ళిందన్నమాట. ఇటువంటి పదార్థాలను 1905లో స్టార్లింగ్ ‘హార్మోనులు’ అన్నాడు. ఆ పేరే నిలిచింది.

ఆకలి హార్మోను దొరకడానికి మాత్రం చాలాకాలం పట్టినది. 1999లో జపానులో కొజిమా, కంగవా, వారి తోటివారు దానిని కనుక్కొని ‘గ్రెలిన్’ అని పేరు పెట్టారు. అది ఎక్కువగా కడుపులోనే తయారవుతుంది. భోజనానికి ముందు నెత్తురులో హెచ్చుతుంది, తిన్నాక తగ్గుతుంది.

ఇక పేగుపూత సంగతి వినండి. నెత్తురులోని తెల్లకణాలు మనకు కావలివారు. పేగుపూత జబ్బులో ఆ కావలివారే పొరపడి సొంత పేగుగోడ మీద విరుచుకుపడతారు. పేగు వాచి పుండ్లు పడుతుంది. కడుపునొప్పి, నెత్తురు విరేచనాలు వస్తవి. ఆకలి చచ్చి, పిల్లలైతే ఎదుగుదల కూడా కుంటుపడుతుంది. మీ తరగతిలో అటువంటివాడుంటే, వాడు డబ్బాలో అన్నం వదిలేసినందుకు వెక్కిరించకండి. అది గారాబం కాదు. పక్కన కూర్చుంటే అంటుకునే జబ్బు కూడా కాదు.

గ్రెలిన్ కబురును అందుకునే తలుపులు మెదడులోనే గాక, ఈ తెల్లకణాల మీద కూడా ఉన్నట్లు తెలిసింది. మరి ఆకలి సంగతి చెప్పే హార్మోను, కావలివారితో “ఇక శాంతించండి” అని కూడా చెబుతుందా? 2006లో స్పెయిన్ శాస్త్రజ్ఞులు ఎలుకలకు పేగుపూత తెప్పించి, గ్రెలిన్ ఇచ్చి చూశారు. (కడుపులో పరుగెత్తేవి కావు, నిజం ఎలుకలే!) వాటి పేగువాపు తగ్గింది, బరువు అంతగా పడిపోలేదు.

ఈ మాట విని సంబరపడినవారు చాలామంది. కాని 2009లో వెలువడిన మరొక ప్రయోగంలో గ్రెలిన్ వల్ల ఎలుకల పేగువాపు హెచ్చింది! రెండు చోట్లా ఎలుకలే, హార్మోనూ ఒకటే. ఫలితం మాత్రం తలకిందులు. అందుచేత పేగుపూతకు డాక్టరుగారు రాసే మందుల చీటీలోకి గ్రెలిన్ ఇంకా ఎక్కలేదు.