స్లో కుక్కర్ మన పూర్వీకుల వంట కాదు, రూంలకు పోయేటోళ్ళు ప్రెషర్ కుక్కరే కొనుండ్రి



డిగ్రీ అయిపోయి హాస్టల్ ఖాళీ చేసి కరీంనగర్‌ల, ఆదిలాబాద్‌ల రూం తీసుకునే వాళ్ళు వంటకు ఏం కొనాలె అని గ్రూపుల వారం సంది చర్చ నడుస్తున్నది. ఎక్కువ మంది మెచ్చుకున్న మాట ఏందంటే, స్లో కుక్కర్ కొనుండ్రి, పొద్దున అన్నీ వేసి స్విచ్ పెట్టి కోచింగ్‌కు పోతే సాయంత్రానికి వంట అయి ఉంటది అని. పైగా అది మన పూర్వీకుల పద్ధతట, మట్టికుండల సన్నటి మంట మీద ఉడికిన తిండి అసొంటిదట. ప్రెషర్ కుక్కర్ పట్నపోళ్ళ తొందర అట. అట్ల రాసిన అన్న మీద నాకు గౌరవమే ఉన్నది. గని ఆ మాట ఒప్పుకోను. ఈ మాట నమ్మి పైసలు పెట్టేది మన తమ్ముళ్ళు, చెల్లెండ్లు.

ముందు ఈ పూర్వీకుల ముచ్చట తేల్చుకుందాం. కుండ సన్నటి మంట మీద ఉడికింది నిజమే. ఆ మంట ముందట కూసున్నది ఎవరు? అడవికి పోయి కట్టెలమోపు తెచ్చింది ఎవరు? పొగకు కండ్లు మండుకుంట గట్క కలిపింది ఎవరు? అమ్మ, అక్క, పిన్ని. చెల్లెను ఎత్తుకోవాలె, పొయ్యి కాడ ఉండాలె అని బడి మానిపిచ్చిన ఆడపిల్లలు మన గూడేలల్ల ఎంతమంది ఉన్నరో లెక్క పెట్టుకోండ్రి. నేను ఆడపిల్లగా చెప్తున్న, ఆ నెమ్మదితనం అంతా ఇంకొకరి ఒళ్ళు నొప్పుల మీద నడిచింది. దాన్ని ఒక కరెంటు డబ్బాకు పేరు పెట్టి గర్వపడుడు నాకు నచ్చలే.

ఇంకోటి, ఆ డబ్బా మన పూర్వీకులది కానే కాదు. అమెరికాల షికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన దానికి 1940లో పేటెంటు తీసుకున్నడు. వాళ్ళది యూదుల కుటుంబం. యూదులకు శనివారం పొయ్యి ముట్టించొద్దని నియమం ఉంటది. లిథువేనియాల వాళ్ళమ్మ చిన్నగున్నప్పుడు శుక్రవారం సాయంత్రం చిక్కుడు గింజలు, మాంసం కుండల పెట్టి ఊరి బేకరీకి పంపేటోళ్ళట. రొట్టెలు కాల్చినంక పొయ్యిల మిగిలిన వేడికి తెల్లారేవరకు ఉడికేదట. ఆ ముచ్చట వినే ఆయన ఈ సామాను చేసిండు. 1971లో రైవల్ అనే కంపెనీ దానికి క్రాక్‌పాట్ అని పేరు పెట్టి ఆఫీసులకు పోయే ఆడోళ్ళకు అమ్మింది. మంచి కథనే. కానీ అది వాళ్ళ అమ్మమ్మ కథ. చూడుండ్రి, అక్కడ గూడ కుండ ఒంటరిగ లేదు, ఊరందరి కుండలు ఒకే పొయ్యిల ఉన్నయి.

మన దిక్కు గూడ అంతే. కేస్లాపూర్‌ల నాగోబా జాతరప్పుడు మెస్రం వంశపోళ్ళు ఎంతమంది వచ్చినా గోవాడలో 22 పొయ్యిల మీదనే వంతుల వారీగా వండుకుంటరు. నెమ్మది వంట అంటే గట్లుంటది. నలుగురు ఉండాలె, మంట చూసేటోళ్ళు ఉండాలె, తినేటోళ్ళు ఉండాలె. కరీంనగర్‌ల రేకుల రూంల ఒక్కనికి అవేమీ లేవు. ఒక్క ప్లగ్గు ఉన్నది, ఓనర్ మీటర్ ఉన్నది, ఎనిమిదిన్నరకు క్లాసు ఉన్నది.

ఇగ పైసల లెక్కకు వద్దాం. ప్రభుత్వ హాస్టళ్ళల్ల ఇంటర్ నుంచి పీజీ దాకా డైట్ చార్జీ నెలకు 1500 ఉండె, 2024 నవంబర్ నుంచి 2100 చేసిండ్రు. అంటే రోజుకు 70 రూపాయలు. చాలదని మనమే ధర్నాలు చేస్తం. హాస్టల్ నుంచి బయటికి వచ్చిన మర్నాడు ఆ 70 గూడ ఉండదు. అప్పుడు మనోళ్ళు ఏం చేస్తున్రో అందరికీ ఎరుకే. పొద్దున చాయ్ బిస్కెట్, పగటీలి మిర్చి బజ్జీ, రాత్రి మ్యాగీ. ఆర్నెల్లకు బుగ్గలు పీక్కపోయి ఊరికొస్తరు, కోచింగ్ సగంలనే ఆగిపోతది. పప్పు, శనగలు, అనుములు, బొబ్బర్లు తక్కువ పైసలల్ల రోజూ ఉడికే పద్ధతి కావాలె. అసలు ప్రశ్న ఇదే, రుచి సంగతి తర్వాత.

చిన్న స్లో కుక్కర్ 200 వాట్లు గుంజుతదనుకుందాం. ఎనిమిది గంటలు పెడితే 1.6 యూనిట్లు. ఇండక్షన్ పొయ్యి మీద ప్రెషర్ కుక్కర్ 1200 వాట్ల మీద 20 నిమిషాలు పెడితే 0.4 యూనిట్. యూనిట్‌కు 10 రూపాయలు వసూలు చేసే ఓనర్లు ఉన్నరు. ఆ లెక్కన రోజుకు 16 రూపాయలు ఒక దిక్కు, 4 రూపాయలు ఒక దిక్కు. నెలకు 480, 120. మిగిలిన 360 రూపాయలకు ఎన్ని గుడ్లు వస్తయో మీరే చూసుకోండ్రి. "తక్కువ వాట్లు, బిల్లు రాదు" అని గ్రూపుల రాసినోళ్ళు గంటలు లెక్క పెట్టలే.

ఎండకాలం కరెంటు సంగతి గూడ ఉన్నది. నువ్వు క్లాసుల ఉన్నప్పుడు రెండు గంటలు కరెంటు పోయి మళ్ళ వచ్చిందనుకో, నీకు ఎట్ల తెలుస్తది? కూర గోరువెచ్చగ ఉండి పురుగు పెరిగే వేడిలనే కూసుంటది. సాయంత్రం వచ్చేసరికి లైటు మామూలుగనే వెలుగుతుంటది, నువ్వు తింటవు. రాజ్మా అయితే కరెంటు పోకున్నా ప్రమాదమే. దాంట్ల ఉండే విషపదార్థం పోవాలంటే నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళ నీళ్ళు పోసి కుతకుత మసలనియ్యాలె. తక్కువ వేడి మీద సగం ఉడికిన రాజ్మా పచ్చి గింజ కంటే ఎక్కువ చెరుపు చేస్తది. స్లో కుక్కర్ మసిలేదాకా పోకపోవచ్చు. ప్రెషర్ కుక్కర్ల ఆవిరి బిగుసుకొని నీళ్ళు 120 డిగ్రీల దాకా కాగుతయి.

"కుక్కర్ పేలుతది" అని మా ఇండ్లల్ల గూడ భయపడుతరు. భయం ఉత్తది కాదు. విజిల్ రంధ్రంల మెతుకు ఇరుక్కొని, సేఫ్టీ వాల్వ్ తీసేసి అక్కడ ఏదో బిగిస్తే పేలుతది. రోజూ రంధ్రం వెలుతురుకు పట్టి చూడాలె, వాల్వ్ పోతే అదే కంపెనీది వేయించాలె, లోపల మూడింట రెండు వంతులకు మించి నింపొద్దు. పప్పు, గట్క లాంటి నురుగొచ్చేవి అయితే సగమే. ఆవిరి మొత్తం పోయేదాక మూత గుంజొద్దు. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు లేని కుక్కర్ అమ్ముడు నేరం. అడుగున గానీ పక్కన గానీ ఆ మార్కు, ఐఎస్ 2347 అనే నంబర్ చూసి తీసుకోండ్రి. సంతల, ఆన్‌లైన్‌ల సగం ధరకు వచ్చేదాని జోలికి పోవద్దు.

ఒక్కరికైతే రెండు లీటర్లది చాలు. ఇద్దరు కలిసి ఉంటే మూడు లీటర్లది తీసుకోండ్రి, అడుగున పప్పు, పైన గిన్నెల బియ్యం పెడితే ఒకేసారి అయితయి. ఇండక్షన్ మీద వాడాలంటే కుక్కర్ అడుగుకు అయస్కాంతం అంటుకోవాలె, మామూలు అల్యూమినియంది పనిచెయ్యదు. ఓనర్ కరెంటు పొయ్యి వద్దంటే 5 కిలోల చిన్న సిలిండర్ ఉన్నది, దానికి అడ్రస్ ప్రూఫ్ అడగరు, గుర్తింపు కార్డు చాలు. శనగలు, బొబ్బర్లు రాత్రి పండేటప్పుడు నానేస్తే పొద్దున ఐదారు విజిల్స్‌కు మెత్తబడుతయి, ఉప్పు, ఉల్లిగడ్డ వేసుకొని డబ్బాల పట్టుకపోవచ్చు. జొన్న రవ్వ గూడ అయితది. రెండు గంటలు నానబెట్టి, ఒకటికి నాలుగు నీళ్ళు పోసి సన్నమంట మీద నాలుగు విజిల్స్, తర్వాత గంటెతో గట్టిగ కలపాలె. అమ్మ చేసిన గట్క లెక్క ఉండదు, ఆ వాసన రాదు, ఒప్పుకుంట. అయినా మ్యాగీ తినుడు కంటే నయమే కదా.

నాటుకోడి, బొక్కల పులుసు స్లో కుక్కర్‌ల మంచిగయితయి అంటే కాదనను. నౌకరీ వచ్చి, సొంత మీటర్ ఉన్న ఇల్లు తీసుకున్న రోజు కొనుక్కోండ్రి, నన్ను గూడ పిలువుండ్రి.

అప్పటిదాకా ఒక్క పని చేద్దాం. ఏటా ఏప్రిల్, మే నెలల సీనియర్లు రూంలు ఖాళీ చేసేటప్పుడు కుక్కర్లు పాత సామానుకు కిలో లెక్కన అమ్ముతున్రు. ఐఎస్ఐ మార్కు ఉండి, సొట్టలు పోని కుక్కర్ ఉన్నోళ్ళు కింద కామెంట్ల ఊరు పేరు, ఎన్ని లీటర్లో రాయండ్రి. గాస్కెట్, వాల్వ్ కొత్తవి మేమే వేయించుకుంటం. ఉట్నూర్, ఆసిఫాబాద్ దిక్కు నుంచి జూన్‌ల కరీంనగర్ వచ్చే వాళ్ళు గూడ పేర్లు రాస్తే ఎవరికి ఏది ఇయ్యాలెనో ముందే అనుకుందాం.